మంచు సీటు

రాస్మీ లాంటి మొగుడు దొరకడం ఓస్లా అదృష్టమని హిల్డే ద్వీపంలో అందరూ అంటారు. అలా అనేవాళ్ళలో ఒక్కరూ అతనితో కలిసి బజారుకు వెళ్ళినవాళ్ళు కారు. ధర తగ్గేదాకా ఎదురుచూడటంలో అతనికున్న ఓపిక గొప్ప గొప్ప సన్యాసులకు కూడా ఉండదు. ఒకసారి బట్టలుతికే మెషీను చెడిపోతే, క్రిస్మస్ తర్వాత చవగ్గా వస్తుంది ఆగమన్నాడు. ఏ క్రిస్మస్సో చెప్పలేదు. ఆ చలికాలమంతా ఓస్లా దుప్పట్లను స్నానాల తొట్టిలో వేసి కాళ్ళతో తొక్కింది. చివరికి ధర తగ్గనే తగ్గింది. ఈలోగా దాన్ని ఓడలో ద్వీపానికి చేర్చే కిరాయి పెరిగి కూర్చుంది. రెండూ కలిపితే పాత ధరను దాటిపోయింది. అయినా రాస్మీ మెషీను పక్కన నిలబడి, "చూశావా, మెషీను మటుకు చవగ్గానే వచ్చింది" అన్నాడు. ఇలాంటి మనిషి మీద ఎవరికని ఫిర్యాదు చేస్తాం? పాస్టరుగారికి చెప్పుకుందామంటే ఆయన కూడా గొర్రెలు అమ్మే ముందు రాస్మీని ఒక మాట అడిగే వెళతాడు.

దుప్పట్లంటే తొక్కుకుంది. కూతురి పురుడు వాయిదా వేయడం ఆమె చేతుల్లో లేదు.

కిందటి వారం భాగంలో మనం ఓస్లా వంటగదిలోంచి బయటికి వచ్చేసరికి అక్కడ మంగళవారం రాత్రి, ముగ్గురు మనుషులు ఒకే ఫోను వైపు చూస్తున్నారు. ఓస్లా, రాస్మీ, వాళ్ళ కూతురు సన్నివా. సన్నివాకు నెలలు నిండాయి. మొగుడు చేపల ఓడ మీద ఎక్కడో నార్వే వైపు నీళ్ళలో ఉన్నాడు. హిల్డేలో పురుళ్ళు పొయ్యరు; తేదీకి ముందే సముద్రం అవతల అబర్డీన్ నగరానికి వెళ్ళి ఆసుపత్రి దగ్గర గది తీసుకుని కూర్చోవాలి. నర్సు వచ్చి రక్తపోటు చూసి, వాచిన పాదాలు నొక్కి, గురువారం విమానానికి వెళ్ళిపోవాల్సిందేనంది. శుక్రవారం నుంచి వారం రోజులు పెనుగాలి. అది మొదలైతే విమానం రాదు, ఓడ రాదు. హెలికాప్టరు వస్తుంది కానీ, ప్రాణం మీదికొస్తేనే వస్తుంది. అంతదాకా తెచ్చుకోవద్దని నర్సు ఓస్లాను పక్కకు పిలిచి చెప్పింది.

గురువారం విమానంలో ఫోను ఒకే ఒక్క సీటు చూపించింది. దాని ధరకు రాస్మీ మందలో మంచి గొర్రెలు రెండు పోవాలి. ఓస్లా కొనెయ్యమంది. రాస్మీ తెల్లారేసరికి తగ్గుతుందన్నాడు. తెల్లారి చూస్తే ఏ ధరకూ సీటు లేదు.

ఇది బుధవారం. ఆ మాట మీద మొగుడూ పెళ్ళాలు పొద్దుటి నుంచి మాట్లాడుకోవడం లేదు. రాస్మీ రెండుసార్లు నోరు తెరిచాడు గానీ, ఓస్లా చూపు చూసి గొర్రెల దగ్గరికి వెళ్ళిపోయాడు.

అయితే ఓస్లాకు ఇంకో దారి ఉంది. ఆ మధ్యాహ్నమే విమాన కంపెనీ మేనేజరు ఊరి హాల్లో సభకు వస్తున్నాడు. చార్జీల మీద ఊరంతా గొడవ చేస్తుంటే సమాధానం చెప్పుకోవడానికి రమ్మన్నది చార్జీల కమిటీ. ఆ కమిటీకి ఓస్లాయే అధ్యక్షురాలు. ఎన్నుకునే సమయానికి ఆమె వెనక గదిలో టీ కాస్తూ ఉండటం వల్ల వద్దనే వీలు లేకపోయింది. ఒప్పుకున్నాక మాత్రం ఊరుకోలేదు. ఉత్తరాలు రాసింది, పేపరువాళ్ళతో మాట్లాడింది, ఇల్లిల్లూ తిరిగి కంపెనీని తిట్టించింది. ఇప్పుడామె దగ్గర ఒక గట్టి ఆయుధం కూడా ఉంది. విమానం వచ్చే రోజున రాస్మీ గొర్రెల్ని వదిలేసి, పచ్చ ప్యాంటు వేసుకుని, రన్‌వే పక్కన ఫైరింజను దగ్గర కాపలా నిలబడతాడు. ద్వీపంలో ఆ పనికి వేరే మనుషులు లేరు. పోయిన మంగళవారం, అన్ని సీట్లూ అయిపోయాయని ఫోనులో చూపించిన పది సీట్ల చిన్న విమానం సగం ఖాళీగా లేచి వెళ్ళడం అతను కళ్ళారా చూశాడు.

అంటే కంపెనీ అబద్ధమాడుతోంది. నిండిందని చెప్పి ధర పెంచుతోంది. ఆ మాట అందరి ముందూ నిలదీస్తే మేనేజరు నీరుగారిపోతాడు. అలా నీరుగారినప్పుడు సన్నివాకు సీటు అడగాలి. ఇదీ ఓస్లా పథకం.

హాలు నిండిపోయింది. గాలివాన కోట్ల వాసన, టీ వాసన కలిసిపోయాయి. టీలోకి పాలపొడే. ఓడ కిరాయి పెరిగాక పచ్చిపాలు పసిపిల్లలున్న ఇళ్ళవాళ్ళే కొంటున్నారు. సన్నివా ముందు వరసలో ఒక కుర్చీలో కూర్చుని, ఇంకో కుర్చీ మీద కాళ్ళు చాపుకుంది. కొట్టు గిబ్బీ కిటికీ దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బంగాళాదుంపల ధర గురించి ఓస్లా కౌన్సిలుకు ఫిర్యాదు చేసిన నాటి నుంచి అతను ఆమెతో నేరుగా మాట్లాడడు. ఆమె ఎదురుగా నిలబడి ఉన్నా సరే, పక్కనున్నవాళ్ళతో "గుడ్లు వచ్చాయని ఆవిడకి చెప్పండి" అంటాడు.

మేనేజరు పేరు లామంట్. సన్నగా, పొడుగ్గా, మర్యాదగా ఉన్నాడు. పొద్దున సరుకుల ఓడలో వచ్చాడు. అదే ఓడలో సాయంత్రం తిరిగి వెళ్ళాలి. రాత్రంతా సముద్రం అతన్ని బాగానే పలకరించినట్టుంది, ముఖం ఇంకా పాలిపోయే ఉంది. ఆ ఓడలో సన్నివాను పంపుదామా అని ఓస్లా అడక్కపోలేదు. ఈ స్థితిలో, డాక్టరు లేని ఓడలో, రాత్రంతా ఆ అలల మీదనా అని నర్సు కసిరింది.

ముందు జనం తమ తమ బాధలు చెప్పుకున్నారు. కుళాయికి ఒక రబ్బరు ముక్క వెయ్యడానికి అబర్డీన్ నుంచి మనిషి వస్తే, ముక్క ఖరీదు చిల్లర, అతని విమానం ఖరీదు నెల కరెంటు బిల్లు అని ఒకాయన అన్నాడు. బడి పంతులమ్మ వేసవి తర్వాత తిరిగి రావడం లేదట. వాళ్ళమ్మను చూసి రావడానికి జీతమంతా టికెట్లకే పోతోందట. ముసలి మైమీ లేచి నిలబడింది. ఒక పన్ను పీకించుకోవడానికి వెళ్ళి, మళ్ళీ మళ్ళీ ఈ చార్జీలు పెట్టుకోలేనని చెప్పి, పక్కనున్న మంచి పళ్ళు కూడా అప్పుడే పీకెయ్యమన్నానని చెప్పింది. డాక్టరు ఒప్పుకోలేదట. ఆ డాక్టరు మీద ఆమెకింకా కోపం చల్లారలేదు. జనం నవ్వారు. లామంట్ నవ్వలేదు. అంతా ఓపిగ్గా విని, ధరలు ఎవరో కూర్చుని పెంచేవి కావనీ, సీట్లు త్వరగా నిండే కొద్దీ కంప్యూటరే పెంచుకుంటూ పోతుందనీ చెప్పాడు.

ఓస్లా ఆ మాట కోసమే కాచుకుని ఉంది. లేచింది.

"లామంట్ గారూ, పోయిన మంగళవారం విమానం నిండిందా?"

"నిండిందండీ. ఒక్క సీటు మిగల్లేదు."

"రాస్మీ, లే."

పొద్దుటి నుంచీ పెళ్ళాం తనతో అన్న మొదటి మాట అదే కావడంతో రాస్మీ గబుక్కున లేచాడు.

"నువ్వక్కడే ఉన్నావు కదా. ఎంతమంది ఎక్కారు?"

రాస్మీ వేళ్ళు లెక్కపెట్టుకున్నాడు. "కిటికీల్లోంచి నాకు చెయ్యి ఊపింది ముగ్గురు. ఊపనివాళ్ళు ఒకరిద్దరు ఉండొచ్చు. పాస్టరుగారి చెల్లెలు ఎప్పుడూ ఊపదు."

హాలంతా మళ్ళీ నవ్వింది. ఓస్లా ఆ నవ్వు ఆగేదాకా ఆగింది. వంటింట్లో కత్తి నూరినంత నింపాదిగా మాట్లాడింది.

"సగం ఖాళీ విమానాన్ని నిండిందని చెప్పి ధర పెంచడాన్ని మీ ఊళ్ళో ఏమంటారో నాకు తెలీదు. మా దగ్గర దొంగతనం అంటారు."

ఎవరో బల్ల చరిచారు. వెనక వరసల్లో బూట్ల చప్పుడు లేచింది. లామంట్ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. కోపం తెచ్చుకుంటాడనుకుంది ఓస్లా. తెచ్చుకుని ఉంటే బాగుండేది.

"ఖాళీగా వెళ్ళిన మాట నిజమే," అన్నాడు. "కానీ ఆ సీట్లు అమ్ముడుపోయాయండీ. కొన్నవాళ్ళే రాలేదు."

అతను నెమ్మదిగా విప్పి చెప్పాడు. ద్వీపంవాళ్ళకిచ్చే రాయితీ టికెట్టును విమానం లేచే ముందు దాకా ఊరికే రద్దు చేసుకోవచ్చు, డబ్బంతా వెనక్కి వస్తుంది. కిందటి చలికాలం నుంచి ఆ టికెట్లు గుట్టలుగా అమ్ముడవుతున్నాయి. ఒకే మనిషికి మంగళవారం ఒకటి, గురువారం ఒకటి, ఒక్కోసారి శనివారం ఇంకొకటి. ఒకదానిలో ఎక్కి, మిగిలినవి ఆఖరు నిమిషంలో రద్దు చేసుకుంటున్నారు. కానీ ముందు రోజు మధ్యాహ్నంతో అమ్మకం మూసేస్తారు. ఆ తర్వాత రద్దయిన సీటు ఇంకెవరికీ పోదు, ఖాళీగానే ఎగురుతుంది.

"కంప్యూటరుకి మనుషులు తెలీరండీ. సీట్లు పోతున్నాయి, జనం ఎగబడుతున్నారు, ధర పెంచు అనుకుంటుంది. అంతే దాని బుద్ధి."

బూట్ల చప్పుడు ఆగిపోయింది.

ఓస్లా నిలబడే ఉంది. కూర్చోవాలన్న సంగతి ఆమె కాళ్ళకు తట్టలేదు. ఎందుకంటే కిందటి చలికాలం ఏం జరిగిందో హాల్లో అందరికంటే బాగా ఆమెకే తెలుసు. అప్పుడు రోజుల తరబడి పొగమంచు కమ్మింది. విమానాలు వరసగా ఆగిపోయాయి. ఆసుపత్రి తారీకులు తప్పిపోయాయి, ఒకాయన సొంత తమ్ముడి అంత్యక్రియలకు అందలేదు. అప్పుడే ఓస్లా రాయితీ టికెట్టు నిబంధనలు మొత్తం చదివి, ఈ హాల్లోనే లేచి, ఇకనుంచి ఎవరూ ఒక్క రోజుకే టికెట్టు కొనొద్దని చెప్పింది. రెండు రోజులకు కొనుక్కోండి, మంచు పడితే రెండోది ఉంటుంది, పడకపోతే రద్దు చేసుకోండి, ఖర్చేం లేదు. జనం చప్పట్లు కొట్టారు. ఆ రెండో టికెట్టుకు 'మంచు సీటు' అని పేరు కూడా పెట్టుకున్నారు. హిల్డేవాళ్ళు అల్లిక నమూనా పంచుకున్నట్టు ఇంటింటికీ పంచుకున్నారు. ఎంత తెలివైన ఆడది ఈ ఓస్లా అన్నారు. నిజానికి ఆమె కూడా అదే అనుకుంది.

లామంట్ ఇంకా మాట్లాడుతున్నాడు. ద్వీపంవాళ్ళు కావాలని కూడబలుక్కుని ఇలా చేస్తున్నారని పైఆఫీసులో ఒక మాట ఉందట. అదే నిజమైతే రాయితీ టికెట్టే ఎత్తేద్దామంటున్నారట. తను మాత్రం నమ్మలేదట, అందుకే ఆ ఓడలో పడి స్వయంగా వచ్చాడట.

"మిమ్మల్నే అడుగుతున్నాను. ఇలా చెయ్యమని ఇక్కడ ఎవరైనా చెప్పారా?"

ఎవ్వరూ ఓస్లా వైపు చూడలేదు. అంతమంది అంత జాగ్రత్తగా ఒక మనిషి వైపు చూడకుండా ఉండటం ఆమె ఎప్పుడూ ఎరగదు. మైమీ చేతిసంచిలో ఏదో వెతుక్కుంటోంది. రాస్మీ పైకప్పు చూస్తున్నాడు. హిల్డేలో ఎవరూ నేర్పని, అందరికీ వచ్చిన కట్టుబాటొకటి ఉంది. బయటి మనిషి ముందు ద్వీపంవాళ్ళు ఒకరినొకరు పట్టివ్వరు. ఒకరన్న మాటను ఇంకొకరు కాదనరు. ఇంటికెళ్ళాక ఎంతైనా తిట్టుకుంటారు, ఏళ్ళ తరబడి మాట్లాడుకోవడం మానేస్తారు, అది వేరే సంగతి.

కిటికీ దగ్గర నుంచి గిబ్బీ గొంతు వినిపించింది.

"మావాళ్ళు అలాంటి పనులు చెయ్యరండీ. మనిషికి ఒక్కటే టికెట్టు. మీ కంప్యూటరుకే ఏదో రోగం."

గిబ్బీకి రేపటి విమానంలో ఒక సీటు, శనివారం విమానంలో ఒకటి ఉన్నాయని ఓస్లాకు తెలుసు. పొద్దున కొట్లో ఎవరితోనో చెబుతుంటే విన్నది. తన ముఖం చూడని మనిషి తన కోసం నిండు సభలో అబద్ధం చెబుతున్నాడు. చెబుతూ కూడా ఆమె ముఖం చూడలేదు.

"సరేనండీ. మీ మాటే పైకి చెబుతాను," అన్నాడు లామంట్. అతని ముఖంలో తేలిక కనిపించింది. రాయితీ నిలబడుతుంది. రేవులో ఓడ ఒకసారి కూత వేసింది. అతను సంచి సర్దుకోవడం మొదలుపెట్టాడు.

ఓస్లా అతని దగ్గరికి నడిచింది. ఆయుధం చేతిలోంచి జారిపోయింది గానీ, అడగవలసింది ఇంకా అడగలేదు. గొంతు తగ్గించి, తన కూతుర్ని చూపించి, రేపటి విమానంలో ఎలాగైనా ఒక్క సీటు ఇప్పించమంది. నర్సు కూడా వచ్చి పక్కన నిలబడి రక్తపోటు సంగతి చెప్పింది. శుక్రవారం నుంచి గాలి సంగతి అతనికి వేరే చెప్పక్కర్లేదు.

లామంట్ సన్నివా పాదాల వైపు చూశాడు. తనకూ ఇద్దరు ఆడపిల్లలున్నారన్నాడు.

"ఇవ్వగలిగితే ఇవ్వనా అమ్మా? రేపటిది నిండిపోయింది. ఈవిడ పేరు రాయిస్తే టికెట్టు కొన్న ఇంకొకర్ని కింద వదిలెయ్యాలి. ఎవర్ని వదలమంటారు? అందరిదీ ఒక్కటే టికెట్టని ఇప్పుడే విన్నాను కదా."

ముందు వరసలోంచి మైమీ ఒక చెయ్యి ఎత్తింది. "నా సీటు ఇచ్చెయ్యండి. నాకు రేపు పనేం లేదు."

"పని లేకపోతే టికెట్టు ఎందుకు కొన్నారు పెద్దమ్మా?"

మైమీ నోరు తెరిచింది. కిటికీ దగ్గర గిబ్బీ గట్టిగా దగ్గాడు. మైమీ నోరు మూసుకుంది.

లామంట్ ఆ దగ్గు విన్నాడు. సంచి సర్దుతున్న చేతులు ఆగాయి. హాలంతా ఒకసారి కలయజూశాడు. ఆ తర్వాత అతని గొంతులో మర్యాద అలాగే ఉంది గానీ తేలిక పోయింది. ఒకరి టికెట్టు ఇంకొకరి పేరుకు మార్చే వీలు తనకు లేదన్నాడు. ప్రయాణం చెయ్యని మనిషి కొన్న ఉత్తుత్తి టికెట్టని తేలితే మాత్రం దాన్ని కొట్టేసి, ఆ సీటు తన మాట మీద ఎవరికైనా ఇవ్వవచ్చు. ఫోను చేస్తే చాలు. కానీ తేలాలి. ఎవరో ఒకరు చెప్పాలి. చెబితే అది తను పైకి రాయక తప్పదు.

రేవులో ఓడ రెండోసారి కూసింది.

సన్నివా తల్లి చెయ్యి పట్టుకుని కిందికి లాగింది. ఆమె వేళ్ళు కూడా ఉబ్బాయి. ఉంగరం తీసి మెడలో దారానికి కట్టుకుంది. "అమ్మా, కూర్చో," అంది గొణుగుతున్నట్టు. "అందరి టికెట్టూ పోతుంది. నాకేం కాదులే. హెలికాప్టరు ఉందిగా."

హెలికాప్టరు ఉంది. ప్రాణం మీదికొస్తేనే వస్తుంది. పెనుగాలిలో అది కూడా వస్తుందో రాదో ఎవరూ చెప్పలేరు. ఇటు చూస్తే పంతులమ్మ, కుళాయి బాగు చేయించుకోవాల్సిన ముసలాయన, మైమీ. వీళ్ళంతా ఆ రాయితీ పట్టుకునే ఈ రాళ్ళ మీద బతుకుతున్నారు. ఓస్లా నోరు విప్పకపోతే వాళ్ళకేం కాదు. ఆమె పరువుకూ ఏం కాదు. తను చెప్పిన అబద్ధాన్ని గిబ్బీ జీవితమంతా మోస్తాడు, ఒక్కనాడు కూడా ఎత్తి పొడవడు. ఈ ఊరు అలాంటిది. ఆమె చెయ్యాల్సిందల్లా కూతురు లాగినట్టు కుర్చీలో కూర్చోవడమే.

లామంట్ ఫోను చేతిలో పట్టుకుని చూస్తున్నాడు. నంబరు మాత్రం నొక్కలేదు.

ఓస్లా కూతురి వేళ్ళను ఒక్కొక్కటిగా తన చేతి మీద నుంచి విడిపించుకుంది. బయటి మనిషి వైపు కాకుండా ముందు గిబ్బీ వైపు తిరిగింది. ఇన్నేళ్ళలో మొదటిసారి అతను ఆమె కళ్ళలోకి చూశాడు, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

"ఆయన అన్నది నిజం కాదండీ," అంది ఓస్లా, గిబ్బీ మీద నుంచి చూపు తిప్పకుండానే. "నన్ను కాపాడటానికి అన్నాడు. రేపటి విమానంలో పేర్లున్నవాళ్ళలో సగం మంది ఎక్కరు. రెండేసి సీట్లు కొనుక్కోమని వీళ్ళకి నేర్పింది నేను. ఈ హాల్లోనే, ఇక్కడే నిలబడి నేర్పాను. అదేదో గొప్ప తెలివనుకున్నాను. ధరలు మీరు పెంచారని ఇల్లిల్లూ తిరిగి చెప్పాను, ఇందాక మిమ్మల్ని దొంగన్నాను."

అప్పుడు లామంట్ వైపు తిరిగింది.

"పెంచింది నేను. తప్పు నాది."